కలం చెక్కిన చాకు

గట్టు అంటే మిట్ట. గట్టు అంటే హద్దు కూడా. గద్వాలకు అవతల, కర్ణాటక సరిహద్దును ఆనుకొని వున్న మా గట్టుకు రెండో అర్థమే ఎక్కువ నప్పుతుంది. ఒకవైపు కృష్ణ, ఇంకోవైపు తుంగభద్ర, నడుమ మా నడిగడ్డ. 1956 దాకా గద్వాల, అలంపురం తాలూకాలు హైదరాబాద్ రాష్ట్రంలోని రాయచూరు జిల్లాలో వుండేవి. భాషను బట్టి రాష్ట్రాలు పంచుకున్నప్పుడు రాయచూరు మైసూరు రాష్ట్రానికి పోయింది, మేం మహబూబ్‌నగర్‌కు వచ్చాం. 2016 నుంచి జోగులాంబ గద్వాల జిల్లా అంటున్నారు. జిల్లా పేర్లు మారాయి. మా నోళ్లలోని తెలుగు, కన్నడ, ఉర్దూ మాత్రం ఎవరికీ పంపకం కాలేదు. ఇలాంటి చోట పుట్టి పెరిగినవాడికి ఏ వస్తువూ ఒక్కరి సొత్తుగా కనపడదు. ఈ వ్యాసం అలాంటి ఒక చిన్న వస్తువు గురించి. మడిచి జేబులో పెట్టుకునే చాకు గురించి. దాన్ని ఎవరు చేశారు, ఎవరు అమ్మారు, ఎవరు కొన్నారు, చివరికి ఎవరి చేతిలో వున్నట్టు చూపిస్తున్నారు అనేదాని గురించి.

మన సినిమాల్లో, కార్టూన్లలో, కొన్ని నవలల్లో ముస్లిం పాత్ర వచ్చిందంటే గళ్ల లుంగీ, మెడలో తాయెత్తు, నోట్లో పాన్, చేతిలో చాకు. ఆ చాకు 'ఖట్'మని తెరుచుకుంటే చాలు, ఆ పాత్రకు ఇక పేరు కూడా అక్కర్లేదు. ముందు చాకుకు మతం అంటగట్టారు. తర్వాత ఆ మతంవాళ్లందరికీ చాకును అంటగట్టారు. వస్తువుకు మతం పెట్టడం తేలిక. దాని చరిత్ర తెలుసుకోవడమే కష్టం. ఆ కష్టమేదో కాస్త పడదాం.

చాకు అనే మాట పుట్టుకతో తెలుగుది కాదు. తుర్కీ భాషల నుంచి ఫారసీలోకి, ఫారసీ నుంచి ఉర్దూలోకి, అక్కడినుంచి తెలుగులోకి వచ్చింది. 'చూశారా, మాటే తురక మాట' అని సంబరపడేవాళ్లు కొంచెం ఆగాలి. చాకుకు పదునునిచ్చే సరుకు పేరు ఉక్కు. అది మన మాట. తెలుగు, కన్నడ భాషల్లోని ఆ ఉక్కే ఇంగ్లీషువాళ్ల నోట్లో పడి 'వూట్జ్' అయిందని లోహ చరిత్రకారుల్లో ఎక్కువమంది ఒప్పుకున్నారు. అంటే మాట అటునుంచి వచ్చింది, సరుకు ఇటునుంచి పోయింది. బేరం అంటే ఇదే కదా!

ఆ సరుకు ఎంత దూరం పోయిందో అరబ్బుల భాషే సాక్ష్యం చెబుతుంది. అరబ్బీలో 'ముహన్నద్' అంటే హింద్ ఉక్కుతో చేసిన కత్తి. ఇంతకంటే మేలైన కత్తి లేదని వాళ్ల లెక్క. ప్రవక్త కాలంలోనే వున్న కవి కాబ్ బిన్ జుహైర్, ప్రవక్తను పొగుడుతూ చెప్పిన కవితలో ఆయన్ను ఈ ముహన్నద్‌తో పోల్చాడు. ఇవాళ్టికీ అరబ్బులు కొడుకులకు ఆ పేరు పెట్టుకుంటారు. మమ్మల్ని అరబ్బు దేశానికి పొమ్మనేవాళ్లకు ఈ సంగతి తెలియదు. అరబ్బులే తమ గొప్పతనం చెప్పుకోవడానికి హింద్ పేరును అరువు తెచ్చుకున్నారు.

ఈ ఉక్కు దక్షిణాదిలో చాలా చోట్ల తయారైంది. మన తెలంగాణలో దానికి పేరుపడ్డ వూరు నిజామాబాద్ వైపు కోనసముద్రం. ట్రిగనోమెట్రికల్ సర్వేలో వైద్యుడిగా, భూగర్భ శాస్త్రజ్ఞుడిగా పనిచేసిన హెన్రీ వోయ్సీ అక్కడి కమ్మరుల పని చూసి రాసిపెట్టాడు. ఆయన 1824లోనే చనిపోయాడు. ఆ రాత 1832లో కలకత్తా ఏషియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయింది. ఇనుమును మట్టి మూసలో పెట్టి, మూతి మూసి, గంటల తరబడి బొగ్గుల కొలిమిలో కాల్చి, నెమ్మదిగా చల్లార్చితే అరచేతిలో పట్టే ఉక్కు ముద్ద వచ్చేది. ఆ ముద్దల కోసం ఇరాన్‌లోని ఇస్ఫహాన్ నుంచి ఒక వర్తకుడు వచ్చి కోనసముద్రంలో మకాం వేసి, దగ్గరుండి పని చూసుకుంటూ వోయ్సీకి కనిపించాడు. పేరు హాజీ హుస్సేన్. ఆ మనిషికి అది మొదటి రాక కూడా కాదు. ఓడలెక్కి, కొండలు దాటి, ఒక తెలుగు పల్లెకు మళ్లీ మళ్లీ వచ్చే బేరం అది. కొలిమి దగ్గర కమ్మరి, తక్కెడ దగ్గర ముసల్మాను. ఇద్దరి నడుమ వున్నది మతం కాదు, నాణ్యం.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. వోయ్సీ రాతలో ఇస్ఫహాన్ వర్తకుడికి పేరుంది. మూస కాల్చిన కమ్మరి పేరు నాకు ఎక్కడా కనపడలేదు. పేరు లేని ఆ కమ్మరికీ, అన్ని పేర్లూ ఒకటే అయిపోయిన ఇవాళ్టి ముసల్మానుకూ చుట్టరికం ఇక్కడే మొదలవుతుంది.

ఈ ఉక్కుతో చేసిన ఒక చాకు కథ లండన్‌లో దొరుకుతుంది. 1790లలో బొంబాయి నుంచి కొన్ని వూట్జ్ ముద్దలు లండన్ రాయల్ సొసైటీకి చేరాయి. 1795లో జార్జ్ పియర్సన్ వాటిమీద పెద్ద పత్రం ప్రచురించాడు. జేమ్స్ స్టోడార్ట్ అనే చాకుల తయారీదారు అందులో ఒక ముక్కను సాగగొట్టి పెన్‌నైఫ్ చేశాడు. పెన్‌నైఫ్ అంటే పేరులోనే వుంది, కలం చెక్కుకునే చాకు. అప్పట్లో అక్కడ ఈక కలాలతో రాసేవాళ్లు. స్టోడార్ట్‌కు ఆ ఉక్కు ఎంత నచ్చిందంటే, యూరపులోని మేలైన ఉక్కు కంటే ఇదే మేలని తన దుకాణం ప్రకటనలో వేసుకున్నాడు. తర్వాత మైకేల్ ఫారడేతో కలిసి ఆ రహస్యం కోసం ప్రయోగాలు చేశాడు. 1820లో, 1822లో ఇద్దరూ పత్రాలు ప్రకటించారు. విద్యుత్తు పాఠాల్లో మనం చదువుకున్న ఆ ఫారడే కూడా ఒక కమ్మరి కొడుకే.

రహస్యం వాళ్లకు పూర్తిగా చిక్కకపోయినా బేరం మాత్రం తిరగబడింది. షెఫీల్డ్‌లో బెంజమిన్ హంట్స్‌మన్ 1740లలోనే మూస ఉక్కు చేసే పద్ధతి కనిపెట్టాడు. పందొమ్మిదో శతాబ్దంలో షెఫీల్డ్ ఉక్కు ఓడలకొద్దీ వచ్చి పడింది. దానివెంట జోసెఫ్ రోడ్జర్స్ వంటి కంపెనీల మడత చాకులూ వచ్చాయి. ఇక్కడ అడవుల మీద ఆంక్షలు వచ్చి బొగ్గు దొరకలేదు. బయటి ఉక్కు చవగ్గా దొరికింది. ఆ శతాబ్దం ముగిసేనాటికి మన మూసలు దాదాపు చల్లారిపోయాయి. ఉక్కు అమ్మిన దేశం చాకు కొనుక్కునే దేశమైంది. కమ్మరి కొలిమిలో మిగిలింది గొర్రు, కొడవలి. సైకల్‌గర్ చేతిలో మిగిలింది సానరాయి. సైకల్ అంటే ఫారసీలో మెరుగు. కత్తులకు మెరుగు పెట్టి, ఉక్కులో దాగిన నీటి చారల్ని పైకి తెచ్చినవాడి పిల్లలు సైకిల్ చక్రానికి సానరాయి బిగించుకొని 'కత్తులకు, కత్తెరలకు సాన' అని వీధుల్లో అరిచారు.

ఇక మడత చాకు మన దగ్గర ఎవరి జేబులో వుండేదో చూద్దాం. మొదటివాడు తాటాకు మీద రాసేవాడు. దక్షిణాదిలో గంటాలు రకరకాలు. అందులో ఒక రకానికి ఒక చివర గంటం, ఇంకో చివర చాకు. రెండూ పిడిలోకి మడుచుకుంటాయి. తమిళంలో దీనికి 'మడక్కెళుత్తాణి' అని ప్రత్యేకంగా పేరే వుంది. చాకుతో ఆకు కోసి సరిచేసుకోవాలి, గంటంతో రాయాలి. రెండోవాడు మునషీ, కాతిబు. వీళ్ల చాకు పేరు కలంతరాష్, అంటే కలాన్ని చెక్కేది. రెల్లు కలం చివరను వాలుగా కోయాలి. ఆ కోతను 'ఖత్' అంటారు. నస్తాలిఖ్ రాతలో అక్షరం ఎత్తు, వెడల్పు అన్నీ ఈ ఖత్ లెక్కనే కొలుస్తారు. అంటే ఉర్దూలో ప్రతి అక్షరం కొలతా చాకు పెట్టిన కోతతోనే మొదలవుతుంది. మూడోవాడు హజాం, మంగలి. వాళ్ల ఉస్తరా కూడా పిడిలోకి మడుచుకునేదే.

గమనించండి. ముగ్గురిలో ఇద్దరు రాసేవాళ్లు, ఒకరు ముఖం నున్నగా చేసేవాళ్లు. మన గడ్డమీద చేత్తో చేసిన మడత కత్తి పుట్టింది కాయితం కోసం, తాటాకు కోసం, గడ్డం కోసం. ఇది నేను కట్టిన కథ కాదు. పాత వస్తువుల అంగట్లో ఇవాళ దొరికే పాత చాకులే ఆ మాట చెబుతున్నాయి.

ఖురాన్‌లో 'అల్ ఖలం' పేరుతో ఒక సూరానే వుంది. కలానికి అంత మర్యాద ఇచ్చిన ఇళ్లల్లో కలంతరాష్‌ను కలందానులోనే పెట్టేవాళ్లు, వంటింట్లోకి పోనిచ్చేవాళ్లు కాదు. నిజాం రాజ్యంలో 1884 దాకా దఫ్తర్ భాష ఫారసీ, తర్వాత ఉర్దూ. రెండూ కలంతో రాసేవే. మా దాదా కచేరీలో ముహర్రిర్‌గా పనిచేశాడు. ముహర్రిర్ అంటే రాసేవాడు. ఆయన పోయాక కలందాను, చిన్న చాకు చాలా ఏళ్లు అటక మీద వున్నాయి. ఒక కరువు ఏడాది పాత ఇత్తడి, పాత ఇనుము కొనే మనిషి వస్తే ఇంట్లోవాళ్లు తూకానికి వేశారు. రెండు పూటల జొన్నలు వచ్చినయని మా అమ్మీ చెప్పేది. అందులో నాకు తప్పేం కనపడదు. ఆకలి ముందర కలందాను ఎంత!

ఇలాంటి అమ్మకాలు ఒక్క మా ఇంట్లోనే జరగలేదు. 1948 పోలీసు చర్యతో నిజాం కచేరీలు పోయాయి, ఉర్దూ దఫ్తర్లు కట్టగట్టి మూలకు చేరాయి. ముహర్రిర్లు, జవాన్లు, అహల్‌కార్లు ఇళ్లల్లో కూర్చున్నారు. 1984లో ఎన్టీ రామారావు ప్రభుత్వం కరణం, మునసబు, పటేల్, పట్వారీ పదవులు రద్దు చేసింది. ఆ రద్దు మంచిదే. దానివెంట ఆ ఇళ్లల్లోని పాత రాత సామాను కూడా ఎవరికీ పట్టనిదైంది. ఉర్దూ పత్రికల్లో కంప్యూటర్ వచ్చి కాతిబుల పని పోయింది. ఒక్కో దెబ్బకు కొన్ని చాకులు అటక దిగాయి. పల్లెలో అవి తూకానికి పోయాయి. హైదరాబాద్ జుమ్మేరాత్ బజార్‌లో గోనెపట్టా మీద పాత తాళాల పక్కన పరిచారు. అక్కడినుంచి అద్దాల దుకాణానికి చేరాయి. ఆ దుకాణంలో దాని పేరు 'యాంటిక్'.

ఆ బేరం నడిచే తీరు తెలిసినవాళ్లకు చాకు చూడగానే కొన్ని సంగతులు అర్థమవుతాయి. ముందు మేకు చూస్తారు. రేకూ పిడీ కలిసేచోట పాత మేకు అయితే దెబ్బల గుర్తులతో ఎగుడుదిగుడుగా వుంటుంది, యంత్రం మేకు నున్నగా వుంటుంది. తర్వాత కమాను. తెరిచినప్పుడు రేకు వూగకూడదు. తర్వాత రేకు వెడల్పు. సాన ఎక్కువ పట్టి అరిగిపోతే విలువ పడిపోతుంది. తర్వాత పిడి. కొమ్మా, ఎముకా, ఇత్తడా, అసలుదేనా, తర్వాత వేసిందా. అన్నిటికంటే ముఖ్యం 'జౌహర్'. అసలైన మూస ఉక్కులో నీటి అలల్లా కనిపించే చారల్ని జౌహర్ అంటారు. ఉర్దూలో జౌహర్ అంటే మనిషిలోని అసలు సత్తా కూడా. చారలు రెండు రకాలుగా వస్తాయి. మూస ఉక్కులో లోపలే పుట్టేవి ఒకటి. వేర్వేరు ఇనుప రేకుల్ని కలిపి సాగగొట్టి తెప్పించేవి ఇంకొకటి. ఇవికాక ఉత్త ఇనుము మీద ఆసిడ్‌తో గీసి అమ్మే మోసం కూడా వుంది. చేతిలో పట్టుకుని చూసేవాడు మోసపోడు, బొమ్మ చూసి కొనేవాడు మోసపోతాడు.

అమెరికాలో ఇప్పుడు ఇదొక పెద్ద లోకం. 1970లో అక్కడ చేతి చాకులు చేసేవాళ్లు ఒక గిల్డ్ పెట్టుకున్నారు. 1973లో బిల్ మోరన్ రేకులు కలిపి సాగగొట్టిన 'డమాస్కస్' చాకులు ప్రదర్శించాక ఆ చారల మోజు ప్రపంచమంతా పాకింది. ఆల్‌ఫ్రెడ్ పెండ్రే అనే నాళాల కమ్మరి, జాన్ వెర్‌హోవెన్ అనే ఆచార్యుడు కలిసి పాత మూస ఉక్కును తిరిగి తయారుచేశారు. వనేడియం వంటి లోహాలు లేశమాత్రం వుంటేనే ఆ చారలు వస్తాయని 1998లో చెప్పారు. అంటే ఆ గనుల మట్టికీ, ఆ కమ్మరి చేతికీ వున్న పొత్తు అది. అక్కడి బేరగాళ్లు మడత చాకు కొనేటప్పుడు మొదట అడిగే ప్రశ్న ఒకటే, ఎవరు చేశారు? రేకు మీద పేరుంటే ఒక ధర, లేకపోతే ఒక ధర. చేసినవాడు చనిపోతే ధర పెరుగుతుంది. మన చాకుకు మాత్రం చీటీ మీద 'ఇండియా, పందొమ్మిదో శతాబ్దం' అని వుంటుంది. వూరు లేదు, కులం లేదు, మనిషి లేడు.

ఇంకో చీటీ సంగతి చెప్పాలి. లండన్ వేలంశాలలు ఇలాంటి వస్తువుల్ని 'ఇస్లామిక్ అండ్ ఇండియన్ ఆర్ట్' అనే పేరుకింద అమ్ముతాయి. మన సాలార్‌జంగ్ మ్యూజియంలో నూర్జహాన్ పండ్ల చాకుగా చూపే వస్తువు ముందు జనం నిలబడి నోరు తెరుచుకొని చూస్తారు. అద్దం వెనక వున్నంతసేపూ అది కళ. అదే చాకు ఒక పండ్ల బండివాడి దగ్గర, ఒక ఖసాబ్ పిల్లాడి సంచిలో దొరికితే సాక్ష్యం. ఒకే ఇనుము, ఒకే మతం పేరు. మారింది జేబు ఒక్కటే.

చట్టం ఏమంటుంది? ఆయుధాల చట్టం కింద వున్న నిబంధనల ప్రకారం తొమ్మిది అంగుళాల కంటే పొడవు, లేదా రెండు అంగుళాల కంటే వెడల్పు వున్న కత్తులు ఆయుధాల కిందికి వస్తాయి. ఇంటిపనికి, సేద్యానికి, పరిశ్రమకు వాడేవాటికి మినహాయింపు వుంది. ఢిల్లీలో 1980లో ఇచ్చిన ఉత్తర్వు ఇంకా బిగించింది. బటన్‌తో, కమానుతో తెరుచుకునే చాకు రేకు 7.62 సెంటీమీటర్లు, అంటే మూడంగుళాలు వుంటే చాలు. రాంపూర్ నవాబుల వూళ్లో చేతితో చేసే మడత చాకు పేరు మీకు తెలుసు. 1965లో 'వక్త్' సినిమాలో రాజ్‌కుమార్ చేతిలో అది హీరో చాకే. ఆ తర్వాత అది గూండా చాకు అయింది. 1990లలో ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం నాలుగున్నర అంగుళాలు దాటిన రేకును నిషేధించింది. కార్ఖానాలు మూతపడ్డాయి, ఉస్తాదులు రిక్షాలు తొక్కుకున్నారు. 2023లో అదే వూరి కూడలిలో 20 అడుగుల చాకు బొమ్మ నిలబెట్టి దానికి చాకు చౌక్ అని పేరు పెట్టారు. చేసేవాడి చెయ్యి ఆగిపోయాక చాకుకు విగ్రహం!

చాకుతో నేరాలు జరగవా అంటే జరుగుతాయి. పేటల్లో రౌడీలున్నారు, వాళ్లలో మావాళ్లూ వున్నారు. ఆ చాకుకు మొదట బలయ్యేదీ మా బస్తీ పిల్లలే. నేరం చేసినవాణ్ని శిక్షించండి. నా ప్రశ్న వేరు. నేను విలేకరిగా పనిచేసిన ఒక పట్టణంలో ఊరేగింపుల రోజు వచ్చిందంటే మొదట మూయించేది సానపట్టే ముసలాయన బండినే. ఆయన దగ్గర దొరికిన కత్తుల్ని వరసగా పేర్చి ఫొటో తీశారు. వాటిలో సగం పక్క వీధి హోటల్లో కూరగాయలు తరిగేవి, ఇంకొన్ని టైలర్ కత్తెరలు. దసరాకు ఆయుధపూజ ఫొటో వేస్తే సంస్కృతి. మావాళ్లు పేరిచిన పూజ కత్తుల్నే సానకు ఇస్తే కుట్ర. మీరే చెప్పండి, ఇది న్యాయమా?

2007లో వెనకబడిన ముస్లిం తెగల జాబితా తయారైనప్పుడు బి.సి. 'ఇ' కింద ఎక్కిన పేర్లు ఒకసారి చదవండి. హజాం వున్నాడు, ఉస్తరా పట్టినవాడు. ఖసాబ్ వున్నాడు, కత్తి పట్టినవాడు. తురక కాశ వున్నాడు, రోళ్లకు కక్కు కొట్టడానికి ఉలి పట్టినవాడు. మా చేతుల్లో ఇనుము లేదని ఎవరన్నారు? వుంది. అది కూటి కోసం పట్టిన ఇనుము. కమ్మరి సుత్తి, మాదిగ రంపె, మంగలి కత్తి, గౌండ్ల కత్తి ఏ కొలిమిలో కాలాయో ఇవీ ఆ కొలిమిలోనే కాలాయి.

పాత చాకులు కొనేవాళ్లకు, అమ్మేవాళ్లకు ఒక మాట. నూరేళ్లు దాటిన వస్తువును 1972 చట్టం పురావస్తువు అంటుంది. దాంతో వ్యాపారం చేయాలంటే లైసెన్సు వుండాలి, దేశం దాటించకూడదు. ఈ రెండూ పాటించడం ఒక ఎత్తు. ఇంకో ఎత్తు ఏమిటంటే, కొన్నప్పుడు ఏ వూళ్లో, ఏ ఇంట్లో, ఏ పని చేసినవాళ్ల దగ్గర కొన్నారో చీటీ రాసి వస్తువుతోపాటు వుంచండి. ఆ ఇంటి ముసలివాళ్లు ఇంకా బతికుంటే వాళ్ల నోటి మాట రాసుకోండి. మ్యూజియంలవాళ్లూ పిడిమీద పొదిగిన రత్నాలు లెక్కపెట్టడంతోపాటు రేకు కొట్టిన కులాన్ని, మెరుగుపెట్టిన కులాన్ని కూడా పలక మీద ఎక్కించాలి. 2010లో ఉత్తర తెలంగాణ పల్లెల్లో ఇంగ్లండ్ విశ్వవిద్యాలయంవాళ్లూ మనవాళ్లూ కలిసి చిట్టెం గుట్టలు, విరిగిన మూసలు వెతికారు. మూసలు దొరికాయి. మనుషుల్ని వెతకాల్సింది మనం.

ఉక్కు వండింది కమ్మరి. కొనుక్కుపోయింది ఇస్ఫహాన్ ముసల్మాను. మెరుగు పెట్టింది సైకల్‌గర్. తాటాకు కోసింది కరణం, కలం చెక్కింది మునషీ, గడ్డం గీసింది హజాం, మంగలి. తూకానికి అమ్ముకుంది ఆకలి. ఇంత పెద్ద జమాఖర్చులో ఒక్క నేరం పద్దు మాత్రమే విడదీసి మా పేరున రాశారు. మిగతా పద్దులు కూడా రాయండి. లెక్క అప్పుడు సరిపోతుంది.